ఉబ్బిన గీత

డెల్మర్ గుద్దిన గుద్దుకు నాణేల వ్యాపారి ఆర్లో గాజు బీరువా మీద పడ్డాడు. అద్దం భళ్లుమంది.

"మా తాత దాచిన సెంటు నాణెం ఇది! నిన్న నీకు చూపించాను. రాత్రి నీ దగ్గర కొన్న భూతద్దంతో చూస్తే ఇంత పొడుగు గీత! నువ్వే గీశావు, ముసలి దొంగా!"

ఆర్లో నోట్లోని రక్తం ఊసి, బల్ల మీది నాణెం మీదికి వంగి భూతద్దంతో చూశాడు. ఈ గీత నిన్న తన కంటికీ ఆనలేదు. మనసు వెంటనే లెక్క కట్టింది.

"సరే, నా తప్పే. పాడైన సరుకు నీకెందుకు? యాభై డాలర్లు తీసుకుని నాకొదిలెయ్."

"ఎవడిక్కావాలి నీ డబ్బు? నాకూ వద్దు, నీకూ దక్కదు!"

డెల్మర్ బల్ల మీది స్క్రూడ్రైవర్ అందుకుని నాణెం మీదికి బలంగా దించాడు. ఆర్లో చెయ్యి అడ్డం పెట్టాడు. మొన అరచేతిలోకి దిగబడింది.

డెల్మర్ బిత్తరపోయాడు. "పిచ్చా నీకు? సెంటు కోసం చెయ్యి పెడతావా?"

"దీపం కింద వంచి చూడరా, గుడ్డి వెధవా! ఎవడైనా గీస్తే పల్లం పడుతుంది. ఇది ఉబ్బి ఉంది. టంకశాలలో అచ్చు పగిలితే ఆ పగుల్లోకి రాగి ఎక్కింది. ఇంత పెద్ద పగులున్న నాణేనికి వేలు పలుకుతాయి. అలాంటిది నా జన్మలో ఇదే చూడటం."

డెల్మర్ వంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మరి యాభైకే అడిగావేం?"

"అప్పటికింకా బేరంలోనే ఉన్నాను."

నాణెం మీద రక్తం చుక్క పడింది. డెల్మర్ గబగబా జేబురుమాలు తీసి తుడవబోయాడు.

"రుద్దకు!" ఆర్లో కేకపెట్టాడు. "రాగి పాడవుతుంది. ఆ గుడ్డ నా చేతికి కట్టు."