ఉకులేలేకి రైల్ మిల్లు పరీక్ష

“కింద పడేసి చూద్దాం,” అన్నాడు నూకరాజు.

భిలాయి సెక్టర్ 6 మార్కెట్లో వాయిద్యాల కొట్టు నడిపే మనోజ్‌కుమార్ తన చేతిలోని ఉకులేలేని ఓసారి చూసుకున్నాడు. గిటారుకి చంటిబిడ్డలా ఉందది. నాలుగే తీగలు. చంకలో పెట్టుకుంటే కనబడదు కూడా.

“నాన్నా, ప్లీజ్!” రోహిణి తండ్రి చెయ్యి పట్టుకుంది. “కొనకముందే పడేస్తారా ఎవరైనా?”

“కొన్నాక పడి పగిలితే ఎవుడికి సెప్పుకుంటాం?”

నూకరాజుది స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో టెస్టింగ్ డ్యూటీ. పట్టా నుంచి ఓ ముక్క కోయించి, దాని నెత్తిన టన్ను బరువు ధబేలుమని పడేయించి, విరక్కపోతేనే మిగతా పట్టాలు పంపించడం ఆయన పని. ఆ బుద్ధి ఇంటికొచ్చినా పోదు. కుక్కరు దగ్గర్నుంచి ప్లాస్టిక్ కుర్చీ దాకా, ఆయన చేతిలో దెబ్బ తినకుండా వాళ్ళ గుమ్మం దాటిన వస్తువు లేదు.

రోహిణి పక్కనే ఉన్న చరోదా రైల్వే యార్డులో గూడ్స్ రైలు గార్డు. డ్యూటీ దిగాక, తిరుగు బండి దొరికేదాకా ఊరుకాని ఊళ్ళో రైల్వేవాళ్ళ విశ్రాంతి గదిలో పడి ఉండాలి. అక్కడ వాయించుకోవడానికి చవకలో గట్టిది ఒకటి కావాలి. కానీ ఇప్పుడామెకి ఉకులేలే మీద కంటే తండ్రి మీదే దిగులెక్కువ. నాన్న ఈ కొట్లో గొడవ పెట్టుకోకుండా నవ్వుతూ బయటపడాలి. పొద్దున్నుంచీ అదే మొక్కు.

“పోనీ, అదియ్యి,” అన్నాడు నూకరాజు, గోడకి వేలాడుతున్న ఖరీదైనదాన్ని చూపించి.

“అది వద్దంకుల్. సాలిడ్ చెక్క. సౌండ్ ఏక్‌దమ్ బాగుంటుంది, కానీ రైల్లో ఎండకీ వానకీ బీటలు తీస్తుంది. ఇది లామినేట్. పల్చటి చెక్క పొరలు అడ్డంగా, నిలువుగా అంటించి చేస్తారు. అంత తియ్యగా పలకదు. కానీ ఓర్చుకుంటుంది.”

“ఎక్కువ రేటుది ఒద్దని నువ్వే అంటన్నావేటి? ఇలాగైతే కొట్టేటి నడుపుతావు?”

“పగిలిపోతే ఈవిడ మళ్ళీ నా గుమ్మం ఎక్కరు కదంకుల్,” అని నవ్వాడు మనోజ్.

ఇంతలో పక్క హోటలాయన టీ తెచ్చాడు. “భయ్యా, నాన్నకి చక్కెర లేనిది,” అని గ్లాసు అందుకుంది రోహిణి. తర్వాత మనోజ్ వైపు తిరిగి, “మీరు... ఇంకో రంగుది ఉంటే చూపిస్తారా?” అంది.

నూకరాజు టీ ఊదుకుంటూ ఇద్దర్నీ చూశాడు. గ్లాసు దించి, ఉకులేలే చేతిలోకి తీసుకున్నాడు.

“సంచిలో పెట్టి వదలండంకుల్. రైల్లో సంచితోనే కదా పడేది,” అన్నాడు మనోజ్.

“సంచీ గించీ లేదు.”

వదిలేశాడు. ఆ చప్పుడుకి గోడమీది గిటార్లు కూడా సన్నగా మూలిగాయి. మనోజ్ వంగి తీసి, తిప్పి చూసి, వేలితో తట్టాడు. అంచున చిన్న గీత పడింది. శ్రుతి చెదిరింది. మరలు సర్ది నాలుగు తీగలూ మీటాడు. హాయిగా పలికింది.

“బాగుంది. దీన్ని పక్కనెట్టి, దీని జతది పెట్టెలోంచి తియ్యి.”

“అదేంటంకుల్, పాసైంది ఇదే కదా?”

“టెస్టు సేసిన ముక్కని మేం పంపం బాబూ. దాని జతవే లైనుకెళ్తాయి. మిల్లు రూలు.”

రోహిణికి ఏడుపొక్కటే తక్కువ. “గీతపడ్డది ఎవరు కొంటారు నాన్నా?”

“నేను వాయించుకుంటాలెండి,” అంటూ మనోజ్ కొత్త పెట్టె విప్పాడు. గొంతులో కోపం కాదు కదా, విసుగైనా లేదు.

నూకరాజు అంతటితో వదలలేదు. మీదే ఊరు? ఇంట్లో ఎవరెవరుంటారు? కొట్టు ఎప్పుడు కట్టేస్తావు? అన్నం ఇంట్లోనా, బయటా? మనోజ్ అన్నిటికీ జవాబు చెప్పాడు. తాతగారిది బొబ్బిలట, తను ఇక్కడే పుట్టాడట. చెప్తున్నంతసేపూ పాపం అతని చెవులు ఎర్రబడే ఉన్నాయి.

బయటికొచ్చాక, స్కూటీకి అడ్డంగా ఉన్న బైకు చూసి, “భయ్యా, కొంచెం జరుపుతారా?” అని పార్కింగతన్ని పిలిచింది రోహిణి. మలుపులో బండి ఆపి, “భయ్యా, కారం బాగా వెయ్యి,” అని బఠాణీలు కట్టించుకుంది. వీపున కొత్త ఉకులేలే వెచ్చగా ఆనుకుని ఉంది. గొడవ లేకుండా బయటపడ్డందుకు ప్రాణం హాయిగానే ఉంది గానీ, కడుపులో మాట ఆగలేదు.

“ఉకులేలేని పడేశావు, సరే. అతన్నెందుకు నాన్నా అంతసేపు ఉడికించావు?”

నూకరాజు పొట్లంలోంచి రెండు గింజలు నోట్లో వేసుకుని తాపీగా నమిలాడు.

“టీ ఆయన భయ్యా, పార్కింగోడు భయ్యా, బఠాణీలోడూ భయ్యా. ఈ భిలాయి మొత్తానికి నీ నోట భయ్యా అనిపించుకోనోడు ఆ కుర్రోడొక్కడే తేలాడు... పాసయ్యాడని మీ అమ్మకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?”