ఖర్జూరాలు ఏరే చేతులు

నెఫ్తా ఊరి ఖర్జూరాల గంప ముందు నుంచి లేచిన తల్లి వేలికి సూది గుచ్చి, సాల్హా షుగర్ మీటరు చూసింది. మూడొందల పది.

"మళ్ళీ తిన్నావు కదమ్మా."

"పొద్దుట్నుంచీ ఒక్కటీ నోట్లో వేసుకోలేదే. దేవుడి మీద ఒట్టు."

"నీ ఒట్లు నీ దగ్గరే ఉంచుకో. రొట్టె మానిపించా, టీలో చక్కెర మానిపించా. ఈ అంకెలు చూసే డాక్టరు మాత్రలు కూడా పెంచాడు. రోజంతా ఖర్జూరాలు ఏరుతూ తినకుండా ఉన్నావంటే ఎవరు నమ్ముతారు?"

అజాన్ వినబడితే తల్లి మబ్రూకా కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని నమాజుకి నిలబడింది. నుదురు నేలకానించే సజ్దాలోకి వంగినామె మళ్ళీ లేవలేదు.

సాల్హా అడ్డంగా ఉన్న గంపను నెట్టి పరుగెత్తింది. తల్లి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. మళ్ళీ గుచ్చింది. యాభై ఎనిమిది.

పది నిమిషాల్లో ఇంత తేడానా? మీటరు చెడిందేమో, తన వేలికే గుచ్చుకుని చూద్దామనుకుంది. గంప నెట్టిన ఆ వేళ్ళు ఖర్జూరాల పాకంతో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

ఇన్నాళ్ళూ తల్లి గంప ముందు నుంచి లేవగానే, కడుక్కోనివ్వకుండానే గుచ్చింది.

గబగబా ఒక ఖర్జూరంలోంచి గింజ తీసేసి, పండు తల్లి నోటికి అందించింది. మబ్రూకా పెదాలు బిగించి మొహం తిప్పుకుంది.

"వద్దులేవే. మళ్ళీ తిడతావు."