పదకొండు కట్టల విమానం

డాక్టర్ తేల్చి చెప్పేశాడు. ఒక రోజు, మహా అయితే రెండు. సీతాబాయికి ఆ మాట ఎవరూ చెప్పలేదు గానీ ఆమెకు తెలుసు. అందుకే ఒకటే పట్టు పట్టింది. కొడుకు చేతి నీళ్లు గొంతులో పడాలి.

కొడుకు గంగాధర్ సోలాపూర్ నీలం నగర్‌లోని ఈ ఇంట్లోంచి మస్కట్‌కు బయల్దేరి మూడేళ్లు. సాయంత్రం అతని భార్య ఋతుజ వాట్సాప్ కాల్ చేసింది. అతను లెక్కంతా అప్పజెప్పాడు. మస్కట్ నుంచి ముంబై పదిహేనువందల డెబ్బై కిలోమీటర్లు. తెల్లవారుజామున విమానం, రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. ముంబైలో కారు పట్టుకుంటే మధ్యాహ్నం రెండుకల్లా సోలాపూర్.

"అంతకన్న ముందల కాదే ఋతుజా. అమ్మను ఆగుమను," అన్నాడు.

ఆగమంటే ఆగేదా చావు? సీతాబాయి ఆపింది!

ఆమెకు గడియారం చూడటం రాదు. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. అందుకే ఋతుజ తెల్లవారకముందే మంచం పక్కన చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బీడీలు చుడుతూ అత్తకు తెలిసిన కొలతలోనే చెప్పింది. గంటకు నాలుగు కట్టలు. విమానం సముద్రం దాటడానికి పదకొండు.

"ఏడిదాక వచ్చిండే?" కట్టకట్టకూ అడిగేది ముసలమ్మ.

గంగాధర్ కూడా దారిలో ప్రతి ఊరి నుంచీ ఫోన్ చేశాడు. ముంబైలో దిగానన్నాడు. పుణె దాటానన్నాడు. తర్వాత ఇందాపూర్, టెంభుర్ణి. తల్లంటే ఎంత ప్రాణమో అని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు.

మోహోళ్ వచ్చానని చెప్పేసరికి సీతాబాయికి ఎగఊపిరి పట్టింది.

"ఇంక మూడు కట్టలే అత్తమ్మా. జర ఓపిక పట్టు," అని ఏడుస్తూనే చుట్టింది ఋతుజ. మొదటి కట్టకు దారం కట్టేలోపే ప్రాణం పోయింది.

గంగాధర్ సరిగ్గా రెండింటికి బ్యాగుతో ఆటో దిగాడు. తల్లి కాళ్ల మీద పడి గుండెలు బాదుకున్నాడు. అంత దూరం నుంచి ఆగమేఘాల మీద వచ్చినవాడికి ముప్పావుగంట దక్కలేదే అని ఋతుజ బావురుమంది. వాడకట్టంతా పాడు దూరమని తిట్టుకుంది.

ఆటో ఇంకా వాకిట్లోనే ఉంది. ఋతుజ కళ్లు తుడుచుకుని వెళ్లి ఎంతయిందని అడిగింది. చావింట్లో కిరాయి తీసుకోనని ఆటో అతను చేతులు జోడించాడు.

"రెండేండ్ల సంది గంగన్నా వదినా ఈడనే జోడ్‌భావి పేట్ల మా పక్కింట్లనే ఉంటున్నరు తాయీ, నిన్న పొద్దుగూకినసంది బ్యాగు సదురుకొని గడపల కూసున్నడు, పావుగంట తొవ్వే గదా పోదాం పా అని ఎన్నిసార్లన్నా ఇంక టైం కాలే అన్నడు."