పిల్లికూతలు

క్యాంపస్ వైపు మళ్లీ తుపాకులు పేలాయి. కొడుకు పొద్దున్నే అక్కడికి ఊరేగింపుకు వెళ్లాడు. తార్నాకలో ఇంటి గడప మీద కూర్చుని సారలమ్మ రొప్పుతోంది. తెలంగాణ ఉద్యమం మొదలైన నాటి నుంచీ ఆమె ఉబ్బసం ఏ మందుకూ లొంగడం లేదు.

భర్త రాజలింగు వచ్చాడు. చెబితే ఉన్న ఊపిరీ పోతుందేమోనని కాసేపు నసిగాడు.

“పోరన్ని పోలీసోళ్లు పట్కపోయిన్రు. జైల్ల ఏసిన్రు.”

సారలమ్మ ఛాతీలో పిల్లికూతలు ఆగాయి.

“లోపల ఉన్నడు గదా. తుపాకులు బయటనే ఉంటయి.”

నెలల తరబడి కూర్చునే కునుకు తీస్తున్న మనిషి, చాప మీద వెల్లకిలా పడుకుంది.

రాజలింగు సంబరపడ్డాడు. “ఇంకేం ఫికర్ లేదు. రేపు పొద్దుగాల్నే ఇడిసిపెడ్తరట.”

సారలమ్మ లేచి గోడకానుకుని కూర్చుంది. పిల్లికూతలు మళ్లీ మొదలయ్యాయి.