తడి వేళ్లు

"ఒళ్లు పెనంలా కాలిపోతుంటే దీన్ని స్టేజీ ఎక్కిస్తావా? అసలు నువ్వు తండ్రివేనా?"

"మెల్లగా మాట్లాడు, తెర అవతల జనం ఉన్నారు," అన్నాడు భర్త, అతికించుకున్న మీసం నొక్కుకుంటూ. "మందు వేశాంగా. అరగంట నాటకం. తను మంచం మీద పడుకుంటే చాలు."

"జబ్బు పిల్ల వేషమేగా అక్కా! మొహానికి రంగు కూడా అక్కర్లేదు," అన్నాడు డాక్టరు వేషం కట్టిన టైలరు. ఆమె చూసిన చూపుకి, స్టెతస్కోపు మెడలో వేసుకుని స్టేజీకి అవతలి పక్కకి జారుకున్నాడు.

"నేను చేస్తానమ్మా," అంది ఏడేళ్ల కూతురు. "నాటకమంతా నాకు నోటికొచ్చు. డాక్టరు మామయ్య సూది గుచ్చేదాకా చచ్చినా కదలకూడదు. గుచ్చాక నాన్నని పిలవాలి. అంతేగా!"

"ఆ పాడు మాట అనకు." తల్లి గుడ్డ తడిపి, పిండి, పాప నుదుటి మీద వేసింది. అది వేడెక్కితే మళ్లీ తడిపింది. గంట మోగేదాకా అదే పని.

గంట మోగింది. తడి చేతులతోనే నాటకం పుస్తకం అందుకుని తెర చాటున నిలబడింది. వెనకనుంచి మాటలు అందించడం ఆమె పని. ఆమె అందించకపోతే మొగుడి నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడదని అందరూ ఎగతాళి చేస్తారు.

నాటకం నడుస్తోంది. ఆమెకి ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను మంచం మీద. పేజీ తిప్పి, "ఒక్కసారి నాన్నా అని పిలువు తల్లీ" అని అందించింది. భర్త అలాగే అన్నాడు.

పాప పలకలేదు.

"నాన్నా..." పాప మాట పాపకి అందించింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకాస్త గట్టిగా అందించింది. పాప చెయ్యి మంచం మీంచి జారి వేలాడింది.

భర్త మోకాళ్ల మీద కూలబడ్డాడు. పాప బుగ్గలు తట్టాడు. మీసం సగం ఊడి వేలాడుతోంది. "చిట్టీ! పలకవేమే చిట్టీ!"

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. చిట్టి అన్నది నాటకంలో పేరు కాదు. ఇంట్లో పేరు.

"డాక్టర్ని పిలవండయ్యా! ఎవరైనా డాక్టర్ని పిలవండి!"

హాలంతా చప్పట్లు. అవతలి పక్క టైలరు ఉత్తుత్తి సూది పట్టుకుని బిక్కమొహం వేశాడు. ముందు వరుసలో ముఖ్య అతిథిగా కూర్చున్న అసలు డాక్టరు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఆమె పుస్తకం విసిరేసి స్టేజీ మీదికి పరుగెత్తింది. "ఇది నాటకం కాదు బాబూ! మీ కాళ్లు పట్టుకుంటాను, రండి!"

చప్పట్లు రెట్టింపయ్యాయి. "ఈవిడెవరో కానీ ఏం నటిస్తోందిరా!" అన్నారెవరో.

పాపని గుండెకి హత్తుకుంది. పొద్దున్నుంచీ కాలిన ఒళ్లు చల్లగా, చెమటతో తడిసి ఉంది. పాప ముక్కు దగ్గర చెవి పెట్టింది.

కళ్లు తెరవకుండానే, పెదాలు కదిలీ కదలకుండా పాప గుసగుసలాడింది:

"అమ్మా, రెండు పేజీలు కలిపి తిప్పేశావు. మామయ్య ఇంకా సూది గుచ్చలేదు."