ముక్కక్క మాట

ముక్కక్క మోచేతి దాకా చెయ్యి దూర్చి, లారీలోని కుప్ప లోపలి నుంచి గుప్పెడు నారింజ తొక్కలు పైకి లాగింది.

తొక్కలతోపాటు ఓ తోక వచ్చింది. తోక వెనకాలే ఎలుకా వచ్చింది, సగం కుళ్లి.

దాన్ని అవతల పారేసి, గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుంది. గుప్పుమని బూజు కంపు. తెల్ల పురుగులు మణికట్టు మీదికి పాకుతున్నాయి.

"తిప్పి పంపండి సార్," అంది మేనేజరుతో.

జ్యూసు ఫ్యాక్టరీలు పారేసే తొక్కల్ని స్పిరిట్లో ఉడికించి అక్కడ లేత పసుపు రంగు పొడి తీస్తారు. పిల్లల టానిక్కుల్లో కలుపుతారు. పొడి బలమెంతో ల్యాబు చూస్తుంది. తొక్కలో కుళ్లుందో లేదో చూసేది మాత్రం ముక్కక్క ముక్కే. పదకొండేళ్లుగా ఆమె సరేనంటేనే లారీ గేటు దాటుతుంది.

మేనేజరు సెంటు కొట్టిన జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ సెంటూ ఈ కుళ్లూ కలిసి ఇంకో కొత్త కంపు పుట్టింది.

"స్పిరిట్లో ఉడికాక ఏ బూజు మిగులుతుందే? టానిక్కు కంపెనీవాళ్లు ఇంకాసేపట్లో వస్తున్నారు. మిషన్లు ఖాళీగా చూపించమంటావా?"

"పసిపిల్లలు తాగేది సార్."

"నీ చెల్లెలు డ్రయ్యరు దగ్గరేగా? దాన్ని పర్మనెంటు చేసే కాగితం నా టేబుల్ మీదే ఉంది. ఇవాళ సంతకం పెడదామనుకుంటున్నా."

ముక్కక్క గుప్పెట్లోని తొక్కల్ని మళ్లీ లారీలోకి వదిలేసింది. మూడేళ్లుగా చెల్లెలు ఆ కాగితం కోసమే కళ్లు కాయలు కాసేలా చూస్తోంది.

కంపెనీవాళ్లు వచ్చారు. తెల్ల కోట్లు, తెల్ల టోపీలు, ఇస్త్రీ చేసిన నవ్వులు. మేనేజరు చెత్తలోంచి బంగారం తీస్తున్నామని పాఠం అప్పజెప్పి, ఆమె వైపు తిరిగాడు.

"మా ముక్కక్క! ఈవిడ మాటే మాకు సర్టిఫికెట్. ఏమంటారక్కా?"

అతని నోటి నుంచి 'అక్కా' అన్న మాట రావడం అదే మొదటిసారి. మొహాన ఉమ్మేసినట్టనిపించింది.

"బాగుంది," అంది.

వాళ్లు చప్పట్లు కొట్టారు. లారీ లోపలికి పోయింది.

లారీకీ లారీకీ మధ్య చెయ్యి సబ్బుతో కడుక్కోవాలి, పాత వాసన కొత్త సరుకుకి అంటకూడదు. ఆ పద్ధతి పెట్టిందీ ముక్కక్కే. ఆవేళ మూడుసార్లు కడుక్కుంది. నాలుగోసారి గోళ్ల సందుల్లో బ్రష్షుతో తోమింది.

తర్వాతి లారీ ముసలి డ్రైవరుది. పొద్దున పిండిన తొక్కలు, ఇంకా తడి ఆరలేదు.

గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆమెకి డోకొచ్చింది.

"కుళ్లిపోయాయి తాతా. వెనక్కి తీసుకుపో."

"అదేంటమ్మా!" ముసలాయన ఓ తొక్క విరిచి వాసన చూశాడు. "ఘుమఘుమలాడుతుంటేనూ!"

"అయితే ఈ కంపు నా చేతిదే. సరిగ్గా కడిగినట్టు లేను."

చెయ్యి చాపింది. అతను వంగి అరచెయ్యీ, వేళ్లూ వాసన చూశాడు.

"సబ్బు వాసన తప్ప ఏం లేదమ్మా."

డ్రయ్యరు గదిలోంచి చెల్లెలు పరుగెత్తుకొస్తోంది, చేతిలో కాగితం ఊపుకుంటూ. "అక్కా! అక్కా!" అంటూ కావలించుకోబోయింది.

ముక్కక్క చప్పున వెనక్కి జరిగింది.

"ముట్టుకోకే. స్నానం చెయ్యనీ."