వసపిట్ట

“వసపిట్ట నోరు మూయించావా?” ల్యాబ్‌లోకి వస్తూనే అడిగాడు గైడు.

“మూయించాను సార్,” అంది ఆమె.

ఛాతీకి అంటించిన సెన్సర్ పట్టుకున్న శబ్దంలోంచి మాటలన్నీ తీసేసి, గుండె చప్పుడు ఒక్కటే మిగిల్చే సర్క్యూట్ తయారుచేయడమే ఆమె పీహెచ్‌డీ. పరీక్షకు వాడే రికార్డింగులో ఆ గుండె తాలూకు మనిషి ఒక్క క్షణం ఊరుకోదు. అందుకే ల్యాబంతా ఆ రికార్డింగును వసపిట్ట అంటారు.

గైడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. లబ్‌డబ్, లబ్‌డబ్. అంతే.

“ఒక్క మాట లేదు! ఇక థీసిస్ ఇచ్చెయ్. నెమ్మదైన మనిషిని ఎవరినైనా కూర్చోబెట్టమ్మా అని మొత్తుకుంటే విన్నావు కాదు. ఎప్పుడో అయిపోయేది.”

“అవును సార్.”

“తీసేసిన శబ్దం కూడా ఓసారి విను. గుండె చప్పుడు దాంతోపాటు కొట్టుకుపోయిందంటే మన పని గోవిందా.”

ఆయన టీకి వెళ్లాడు. ఆమె హెడ్‌ఫోన్స్ తీసుకుని, సర్క్యూట్‌లో తీసేసిన శబ్దం వచ్చే రెండో వైపుకు తగిలించింది.

“నోరు కట్టేసుకుని కూర్చోమంటే నా వల్ల కాదే తల్లీ. తిన్నావా అసలు? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. నీ కూతురి చదువు ఎప్పటికవుతుందని అందరూ ఒకటే అడగడం. అయినప్పుడే అవుతుందన్నాను...”

వెనకాల దడదడ లేకుండా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది అమ్మ గొంతు. చివరిదాకా విని, వైరు చుట్టి పెట్టింది.

రిపోర్టులో రాయాల్సింది రాసింది: గుండె చప్పుడు లేదు.

అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు.